అన్నా మణి కొలిచిన ఎండ, గాలి: గని నుంచి రేకులకుంట దాకా

రాయలసీమలో ఎండా గాలీ తప్ప ఏమున్నాయని ఈసడించేవారికి ఏనాడూ కొదవ లేదు. ఆ రెండూ దేశంలో ఎక్కడెక్కడ ఎంతెంత ఉన్నాయో ఏళ్ల తరబడి కొలిపించి, అంకెలుగా పుస్తకాలకెక్కించిన భౌతిక శాస్త్రవేత్త అన్నా మణి. డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే నాకు ఆమె పేరు సి.వి. రామన్ శిష్యులలో ఒకరిగా మాత్రమే చాలాకాలం తెలుసు. ఆమె తరువాతి జీవితమంతా వాతావరణ పరికరాలతో, సూర్యరశ్మితో, గాలితో గడిచిందని చదివిన తరువాత, ఆ కొలతలు మా జిల్లాల నేల మీద ఏ రూపం తీసుకున్నాయో తీరుబడిగా చూసి రావాలనిపించింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అన్నయ్య కూతురు తానూ వస్తానన్నది. గాలి బాగా వీచే రోజులు కావాలి కనుక జూన్ చివరి వారాన్ని ఎంచుకున్నాము.

మొదటి రోజు: కర్నూలు, ఓర్వకల్లు, గని

పొద్దున్నే కర్నూలులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని నంద్యాల రోడ్డు పట్టాము. ఓర్వకల్లు రాతివనం దగ్గర అప్పటికే సెల్ఫీలు దిగేవారి సందడి మొదలైంది, మేము ఆగలేదు. గని, శకునాల గ్రామాల వైపు మళ్లిన తరువాత దారి ఎత్తుపల్లాలుగా సాగి, ఒక మలుపు తిరిగేసరికి కంచె అవతల నేలంతా ముదురు నీలం పలకలతో నిండిపోయి కనబడింది.

కర్నూలు సౌర విద్యుత్ పార్కు అది. దాదాపు ఆరు వేల ఎకరాలలో, నలభై లక్షలకు పైగా పలకలతో, 1000 మెగావాట్ల సామర్థ్యంతో 2017లో పూర్తయినప్పుడు, ఒకేచోట ఉన్న సౌర పార్కులలో ప్రపంచంలోనే పెద్దదిగా దీని పేరు వినబడింది. లోపలికి వెళ్లాలంటే ముందుగా అనుమతి ఉండాలి కనుక మేము కంచె వెంబడి ఉన్న రోడ్డు మీదనే చాలా దూరం నడిచాము. దగ్గరగా చూస్తే ప్రతి పలక కింది అంచునా ఎర్రదుమ్ము సన్నని గీతగా పేరుకొని ఉంది. ఆ గీత మందమైనకొద్దీ విద్యుత్తు తగ్గుతుంది. కొంచెం అవతల ఇద్దరు కూలీలు పొడవాటి కర్రలకు బ్రష్షులు కట్టుకొని వరుస వెంట వరుస తుడుచుకుంటూ పోతున్నారు.

గొర్రెలను తోలుకొని వెళుతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. "ఏం చూస్తాండారు మేడమ్, ఈడ అన్నీ పలకలే. ముందు మా గొర్లు మేసే గుట్టలు ఇయ్యన్నీ" అన్నాడు. ఆయన మాటలో ఫిర్యాదు కన్నా వివరణే ఎక్కువగా వినిపించింది. అయినా పార్కు లెక్కలలో మెగావాట్లకు ఉన్న చోటు ఈ మేతభూమికి ఉండదని నాకు తోచింది.

ఇంత పెట్టుబడి పెట్టేవారు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ చోట ఏడాది పొడవునా ఎంత ఎండ పడుతుంది? ఎండ దండిగా ఉందని చెప్పడానికి శాస్త్రవేత్త అక్కరలేదు, కర్నూలులో మే నెలలో మధ్యాహ్నం బజారుకు వెళ్లివచ్చిన ఎవరైనా చెబుతారు. కాని ఒంటికి తెలిసే వేడి వేరు, చదరపు మీటరు నేల మీద పడే వికిరణ శక్తి వేరు. ఆ శక్తి ఈ ప్రాంతంలో రోజుకు సగటున ఐదు యూనిట్లకు పైగా ఉంటుందని ఇప్పుడు తేలికగా చెబుతున్నాము. అందులో సూర్యుడి నుంచి నేరుగా వచ్చేదెంత, మేఘాలూ ధూళీ చెదరగొట్టగా ఆకాశమంతటినుంచీ వచ్చేదెంత అన్నది వేరుచేసి కొలవడం ఈ దేశంలో ఒక క్రమపద్ధతిలో మొదలైనది 1957-58లో, పలు దేశాలు కలిసి భూమినీ వాతావరణాన్నీ పరిశీలించిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా. అప్పుడు భారత వాతావరణ శాఖ తరఫున సౌర వికిరణ కేంద్రాల వరుసను నెలకొల్పే పని అన్నా మణి చేతి మీదుగా జరిగింది.

ఆ కొలతకు వాడే పైరనోమీటరు చూడడానికి చాలా చిన్న పరికరం. ఒకదానిలో ఒకటి బోర్లించిన రెండు గాజు గుమ్మటాల కింద నల్లరంగు పూసిన ఒక బిళ్ల ఉంటుంది. ఎండకు ఆ బిళ్ల వేడెక్కుతుంది, పరికరం మొండెం చల్లగా ఉంటుంది. ఆ రెండింటి వేడిలోని తేడాను థర్మోపైల్ అనే లోహపు జంటల వరుస కొద్దిపాటి విద్యుత్తుగా మారుస్తుంది. సూత్రం ఇంతే. చిక్కంతా ఆ కొద్దిపాటి విద్యుత్తు ఎంత ఎండకు సమానమో నిర్ధారించడంలో ఉంది. నల్లరంగు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది, గాజు మీద మంచు పడుతుంది, పరికరం ఒక వెంట్రుకవాసి వాలినా అంకె మారుతుంది. అందుకే ప్రతి పరికరాన్నీ కొన్నాళ్లకొకసారి ప్రామాణిక పరికరంతో పోల్చి సరిదిద్దాలి. అన్నా మణి పట్టుదల అంతా ఈ సరిదిద్దే పని మీదనే ఉండేది. తప్పు కొలతలు తీయడం కన్నా అసలు కొలవకపోవడమే మేలని ఆమె నమ్మకం. ఆమె ఆధ్వర్యంలో వెలువడిన సౌర వికిరణ వివరాల సంపుటాలు 1980ల తొలి సంవత్సరాలలో అచ్చయ్యాయి. దేశంలో సౌర విద్యుత్తు గురించి ఇంజనీర్లు లెక్కలు వేసుకోవడానికి అవే చాలాకాలం ఆధారమయ్యాయి. కంచె అవతలి పలకలు వాటికి మూడున్నర దశాబ్దాల తరువాతి సంగతి.

మధ్యాహ్నం మబ్బులు కమ్మి ఎండ తగ్గింది. "ఇప్పుడు కరెంటు ఆగిపోతుందా అత్తా?" అని అడిగింది మా పిల్ల. ఆగదు, తగ్గుతుంది, మబ్బుల గుండా చెదిరి వచ్చే వెలుతురు కూడా పలక మీద పనిచేస్తుంది. దాని పాలు ఎంతో తెలియడానికే సూర్యబింబాన్ని ఒక సన్నని వలయంతో కప్పి, మిగిలిన ఆకాశపు వెలుతురును మాత్రమే కొలిచే పద్ధతి ఉందని రోడ్డు పక్కన దుమ్ములో పుల్లతో బొమ్మ గీసి చూపించాను. రాత్రికి కర్నూలు తిరిగి వచ్చాము.

రెండో రోజు: గుత్తి, గుంతకల్లు, వజ్రకరూరు

డోన్ మీదుగా గుత్తి చేరి, కోటను కింది నుంచే చూసి గుంతకల్లు వైపు తిరిగాము. ఈ రోజు ప్రయాణానికి ఎండతోనూ గాలితోనూ పని లేదు, వజ్రాలతో ఉంది.

తొలకరి వానలు పడగానే వజ్రకరూరు చేలలోనూ, కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పరిసరాలలోనూ వజ్రాలు వెతికేవారు ఏటా దిగుతారు. వాన నీరు పైమట్టిని కడిగేసినప్పుడు రాళ్లు తేలి మెరుస్తాయి. మేము చూసిన చేనులో ముప్పై నలభై మంది నడుములు వంచి, ఒక్కొక్క అడుగే వేస్తూ, మునివేళ్లతో మట్టి కదుపుతూ సాగుతున్నారు. వారిలో ఒకామె కొంగు ముడి విప్పి తాను ఏరిన రాళ్లు చూపించింది. పలుగురాళ్ల ముక్కలు, ఒకటి రెండు ఎర్రని గాజులాంటి రాళ్లు, గోరంత తెల్లరాయి ఒకటి. ఆ తెల్లరాయిని ఆమె మాటిమాటికీ నాలుకకు తాకించి, తుడిచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూసుకుంటోంది. "వానొచ్చినంక నాలుగు దినాలు ఎదుకుతాం మా. దొరికితే మారాజులం, దొరక్కుంటే కూలి పోయిందనుకుంటాం" అన్నది.

ఈ నేల కింద ఉన్నవి కింబర్లైట్ అనే శిలాస్తంభాలు. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతులలోనుంచి, నూరు కిలోమీటర్లకు మించిన అడుగునుంచి, ఎగదన్నుకొని వచ్చిన శిలాద్రవం తనతోపాటు వజ్రాలను మోసుకొచ్చింది. అవి అరిగి, వానలకు కొట్టుకుపోయి చేలలో చెల్లాచెదురయ్యాయి.

అన్నా మణి జీవితంలో వజ్రాలు రెండుసార్లు వస్తాయి. ఆమె 1918 ఆగస్టు 23న తిరువాన్కూరు సంస్థానంలోని పీరుమేడులో, సిరియన్ క్రైస్తవ కుటుంబంలో, ఎనిమిది మంది సంతానంలో ఏడవ బిడ్డగా పుట్టింది. తండ్రి సివిల్ ఇంజనీరు. ఇంట్లో మగపిల్లలకు ఉద్యోగాల చదువులు, ఆడపిల్లలకు పెళ్లి సరంజామా అన్న ఏర్పాటు ఉండేది. ఎనిమిదో పుట్టినరోజుకు ఆడపిల్లలకు వజ్రపు చెవికమ్మలు ఇవ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆమె కమ్మలు వద్దని, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం సంపుటాలు కావాలని అడిగి తీసుకున్నది. ఆ వయసుకే ఊరి గ్రంథాలయంలోని మలయాళ పుస్తకాలు దాదాపు అన్నీ చదివేసింది. వైకోం సత్యాగ్రహం రోజులలో గాంధీజీ ఆ వైపు వచ్చినప్పుడు కలిగిన ప్రభావంతో ఖద్దరు కట్టడం మొదలుపెట్టి, జీవితాంతం విడువలేదు.

రెండోసారి వజ్రాలు ఆమె చేతికి వచ్చింది బెంగళూరులో. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1939లో భౌతిక, రసాయన శాస్త్రాలలో ఆనర్స్ పూర్తిచేసి, 1940లో భారతీయ విజ్ఞాన సంస్థలో పరిశోధన వేతనం పొంది రామన్ ప్రయోగశాలలో చేరింది. రామన్‌కు ఆ కాలంలో వజ్రాల మీద అంతులేని మక్కువ. అన్నా మణికి అప్పగించిన పని, ముప్పైకి పైగా వజ్రాలు కాంతిని ఎలా పీల్చుకుంటాయో, పీల్చుకున్నదానిని ఏ రంగులో తిరిగి వెలార్చుతాయో, వేడి తగ్గితే ఆ వర్ణపటం ఎలా మారుతుందో పరిశీలించడం. కొన్ని వజ్రాలు అతినీలలోహిత కాంతి సోకగానే నీలంగా వెలుగుతాయి, కొన్ని ఆకుపచ్చగా, కొన్ని అసలే వెలగవు. ఆ మసక వెలుతురు ఫోటో పలక మీద పడి గుర్తు మిగలాలంటే పదిహేను ఇరవై గంటలపాటు కదలకుండా ఉంచాలి. అంతసేపూ ఆమె ప్రయోగశాలలోనే ఉండేది, తరచు అక్కడే నిద్రపోయేది. 1942 నుంచి 1945 లోపల వజ్రాల, కెంపుల కాంతి మీద ఐదు పరిశోధన పత్రాలను తన ఒక్క పేరుతోనే ప్రచురించింది.

1945 ఆగస్టులో డాక్టరేటు కోసం ఆమె సిద్ధాంత గ్రంథాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించింది. ఎమ్మెస్సీ పట్టా లేదన్న కారణంతో విశ్వవిద్యాలయం డాక్టరేటు నిరాకరించింది. ఆనర్స్ చదివి, వేతనం మీద పరిశోధన చేసి, ఐదు పత్రాలు ప్రచురించిన మనిషికి ఒక కాగితం లేదని మరో కాగితం ఇవ్వలేదు. ఈ సంగతి చెప్పగానే మా పిల్ల కోపంతో ఎర్రబడింది. నాకూ కోపమే, కాని అన్నా మణి మాత్రం దానిని పెద్దగా పట్టించుకోలేదని ఆమెను ఎరిగినవారు రాశారు. భౌతికశాస్త్రంలో పైచదువులకు ఇంగ్లండు వెళ్లాలనుకున్నప్పుడు దొరికిన ప్రభుత్వ వేతనం వాతావరణ పరికరాల చదువుకు మాత్రమే. సరేనని 1945లోనే సైనికుల ఓడ ఎక్కి లండన్ ఇంపీరియల్ కళాశాలకు వెళ్లింది. దేశపు వాతావరణ శాఖకు ఆమె దక్కింది అలాగే. వజ్రాల మీదనే ఆమె ఉండిపోయి ఉంటే ఈ దేశపు ఎండా గాలీ లెక్కలు మరెప్పటికి తేలేవో చెప్పలేము.

ఉరవకొండ మీదుగా అనంతపురం వెళ్లే దారిలో రోడ్డుకు ఇరువైపులా పెద్ద గాలిమరలు కనబడ్డాయి. చీకటి పడుతుంటే వాటి నెత్తిన ఎర్రదీపాలు ఒక్కసారిగా వెలిగి ఆరుతున్నాయి.

మూడో రోజు: రామగిరి

అనంతపురం నుంచి బెంగళూరు రోడ్డున దక్షిణంగా వెళ్లి, జాతీయ రహదారి వదిలి పడమటికి తిరిగితే రామగిరి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కాని, అనంతపురంవాళ్ల నోట ఇప్పటికీ ఇది అనంతపురం ఊరే. ఒకప్పుడు ఇక్కడ బంగారు గనులు నడిచాయి, మూతపడ్డాయి. 1990లలో రాష్ట్రంలో తొలినాటి పవన విద్యుత్ కేంద్రాలలో ఒకటి ఈ కొండల మీదనే వెలిసింది. నిన్న ఉరవకొండ దారిలో చూసిన మరలతో పోలిస్తే ఇక్కడివి పొట్టివి, రెక్కలు చిన్నవి. కొన్ని తిరుగుతున్నాయి, కొన్ని ఆగి ఉన్నాయి.

కొండ మీదికి ఎక్కేసరికి గాలి తాకిడికి మాటలు వినబడడం మానేశాయి. చున్నీని తలచుట్టూ బిగించి కట్టుకొని, ఒక బండ చాటున కూర్చొని, కాగితం ఎగిరిపోకుండా మోకాలితో అదిమిపట్టి మా పిల్లకు ఒక లెక్క చేయించాను. గాలిలోని శక్తి దాని వేగపు ఘనానికి అనులోమంగా ఉంటుంది. వేగం సెకనుకు ఐదు మీటర్లు ఉన్నప్పుడు వచ్చే శక్తిని ఒకటిగా తీసుకుంటే, ఆరు మీటర్లకు అది ఒకటి ముప్పావుకు దగ్గరవుతుంది. వేగాన్ని నూటికి పది ఎక్కువగా కొలిస్తే శక్తిని నూటికి ముప్పైమూడు ఎక్కువగా ఊహించుకున్నట్టే. వాన కొలతలో పదోవంతు పొరపాటుతో పంట మునిగిపోదు; గాలి కొలతలో పదోవంతు పొరపాటుతో కట్టిన మర అప్పు తీర్చలేదు. కొలత మీద అన్నా మణి చూపిన చాదస్తం ఎందుకు అవసరమో ఈ లెక్క దగ్గర నాకు బాగా అర్థమవుతుంది.

ఆమె 1976లో వాతావరణ శాఖ డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేసి బెంగళూరుకు వచ్చింది. మూడేళ్లపాటు రామన్ పరిశోధన సంస్థలో సందర్శక ఆచార్యురాలిగా ఉంది. గాలి వేగాన్ని, సౌరశక్తిని కొలిచే పరికరాలు తయారుచేసే చిన్న కర్మాగారాన్ని బెంగళూరులోనే నెలకొల్పింది. 1983లో దేశపు గాలుల వివరాలను, అప్పటికి వాతావరణ కేంద్రాలలో పోగుపడిన అంకెలనుంచి తీసి, మరొకరితో కలిసి గ్రంథంగా తెచ్చింది. కాని ఆ కేంద్రాలు చాలావరకు ఊళ్ల మధ్య, చెట్ల నడుమ, కచేరీల ఆవరణలలో ఉన్నవి. మరలు పెట్టవలసిన చోట్లు కొండలు, కనుమలు, తీరాలు. అక్కడికే వెళ్లి కొలవాలని, ఆ పెద్ద సర్వేకు బెంగళూరులో ఉండి ఆమె నాయకత్వం వహించింది. ఏడు వందలకు పైగా చోట్ల గాలి వేగం కొలిచే ఏర్పాట్లు ఆమె చేయించింది. ఇరవై, ఇరవై ఐదు మీటర్ల స్తంభాలు నాటి, వాటికి రెండు ఎత్తులలో గిన్నెల అనిమోమీటర్లు బిగించి, నెలల తరబడి నమోదుచేసేవారు. ఎత్తు పెరిగేకొద్దీ వేగం ఎంత పెరుగుతుందో తెలియడానికే ఆ రెండు ఎత్తులు. అప్పటికి ఆమె వయసు డెబ్బై దరిదాపుల్లో ఉంది. ఆ సర్వే, దాని కొనసాగింపుగా వచ్చిన కొలతల జాబితాలలో రామగిరి, కడవకల్లు, నల్లకొండ, శింగనమల, వజ్రకరూరు, జమ్మలమడుగు వంటి మన ఊళ్ల పేర్లు వరుసగా కనబడతాయి. తరువాత చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ నూరు మీటర్ల ఎత్తులో లెక్కకట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ పవన సామర్థ్యం 44 వేల మెగావాట్లకు పైగా తేలింది. అందులో పెద్ద పాలు ఈ సీమదే.

కొండ దిగువన ఊరి రచ్చబండ దగ్గర మాట్లాడిన రైతులకు మాత్రం ఈ అంకెలు పట్టవు. వారిలో చాలామందికి ఒక గట్టి నమ్మకం ఉంది. "ఈ ఫ్యాన్లొచ్చినప్పట్నించి మేఘం నిలబడ్డంల్యా. వచ్చే మబ్బును వచ్చినట్టే తరిమేస్తాండాయి" అన్నాడొకాయన. ఇది ఆ ఒక్కరి మాట కాదు, జిల్లా అంతటా వినబడుతుంది. వాన మబ్బులు మామూలుగా కిలోమీటరుకు పైన ఏర్పడతాయని, ఇక్కడి పెద్ద మర రెక్క కూడా రెండు వందల మీటర్లు దాటి పెద్దగా పోదని, పడమటి కనుమలు అరేబియా సముద్రపు తేమను ముందే పిండేసుకోవడం వల్ల అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన మాత్రమే మిగులుతున్నదని, మరలు రాకముందు నూరేళ్లలోనూ కరువులు ఉన్నాయని చెప్పాను. ఆయన విని, "మీరు సదువుకున్నోళ్లు, నిజమే అయ్యుంటాది. గాలి ముందరా ఉండె. ఈ గాలికే మా నాయన చెనక్కాయ పొట్టు తూర్పారబట్టేవాడు. ఇప్పుడు అదే గాలిని ఎవరో అమ్ముకుంటాండారు, మాకేమొచ్చె?" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. మేఘాన్ని మర తరమదన్నది నిజం. ఆ అపోహ పుట్టింది అజ్ఞానం వల్ల కన్నా, తమ నెత్తిన తిరిగే వస్తువులో తమకు పాలు లేదన్న కడుపుమంట వల్లనే ఎక్కువేమో. ఈ రెండో ప్రశ్న అనిమోమీటరు తేల్చగలిగేది కాదు. "అంకెలు చెబితే ఆయన ఊరుకుంటాడనుకున్నావా అత్తా?" అని మా పిల్ల తిరుగు ప్రయాణంలో నన్ను ఆటపట్టించింది. అంకెలు కూడా లేకపోతే మాట్లాడుకోవడానికి నమ్మకాలే మిగులుతాయని మాత్రం చెప్పాను. చీకటిపడ్డాక అనంతపురం చేరి, రాగి సంగటి, చెనక్కాయల పచ్చడి తిని పడుకున్నాము.

నాలుగో రోజు: రేకులకుంట

అనంతపురానికి దగ్గరలోని రేకులకుంటలో మెట్ట వ్యవసాయానికి సంబంధించిన పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి వాతావరణ పరిశీలన ఆవరణను చూడడానికి ముందుగానే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాము. ఉదయం ఏడు గంటల కొలతల వేళకు చేరుకోవాలన్నారు కనుక తెల్లవారకముందే ఆటో మాట్లాడుకున్నాము.

నాలుగు రోజుల ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. చుట్టూ తీగ కంచె వేసిన గడ్డినేల, దాని మధ్య తెల్లరంగు వేసిన కొయ్యపెట్టె, వాన కొలపాత్ర, నీరు ఆవిరయ్యేది కొలిచే వెడల్పాటి తొట్టి, స్తంభం మీద గాలి గిన్నెలు. నీళ్ల తొట్టికి పిట్టలు తాగకుండా వల కప్పారు. కొయ్యపెట్టె పలకలు రెండు వరుసలుగా ఏటవాలుగా ఉంటాయి. గాలి లోపలికి ఆడుతుంది, ఎండ మాత్రం పడదు. తలుపు ఉత్తరానికి తెరుచుకుంటుంది. పరిశీలకుడు తలుపు తీసి, ముందుగా పొడి ఉష్ణమాపకాన్ని చదివి, తరువాత తడిగుడ్డ చుట్టినదానిని చదివి, కళ్లను పాదరసం మట్టానికి తెచ్చి మళ్లీ ఒకసారి చూసి రాసుకున్నాడు. ఒంటి వేడి తగిలితే అంకె మారుతుందని మమ్మల్ని రెండడుగులు వెనక్కి నిలబడమన్నాడు.

ఆయన మాకు చాలాసేపు చూపించినది సూర్యకాంతి నమోదు పరికరాన్ని. గుండ్రని గట్టి గాజుగోళం, దాని వెనుక వంపులో దూర్చిన నీలపు అట్టముక్క. గోళం ఎండను ఒక బిందువుగా కూర్చి అట్టను కాలుస్తుంది. సూర్యుడు కదిలినకొద్దీ ఆ కాలిన గుర్తు గీతగా సాగుతుంది, మబ్బు అడ్డువచ్చినప్పుడు తెగుతుంది. రోజూ సూర్యాస్తమయం తరువాత అట్ట మార్చాలి. వేసవికి పొడవాటి వంపు అట్ట, చలికాలానికి పొట్టి వంపు అట్ట, పగలూ రాత్రీ సమానమయ్యే రోజులకు వంపు లేని తిన్నని అట్ట. మేము రామగిరిలో ఉన్న రోజు అట్టను తీసి చూపించాడు. ఉదయం సన్నగా మొదలైన గీత పది తరువాత లోతుగా, అట్ట అవతలికి తేలేంతగా కాలింది. మధ్యాహ్నం నుంచి ముక్కలు ముక్కలుగా తెగి, సాయంత్రం ఐదు దగ్గర మళ్లీ ఒక చిన్న చుక్కతో ముగిసింది. ఆ ముక్కల పొడవులన్నీ కొలబద్దతో కూడి, ఎండ కాసిన గంటలను పుస్తకంలో ఎక్కిస్తారు. మా పిల్ల ఆ అట్టను వాసన చూసింది. కాలిన కాగితం వాసన వస్తోందన్నది.

అన్నా మణి 1948లో లండన్ నుంచి తిరిగివచ్చి పుణె వాతావరణ శాఖలో చేరేనాటికి, ఇటువంటి పరికరాలలో ఎక్కువ భాగం ఇంగ్లండు నుంచి దిగుమతి అయ్యేవి. స్వతంత్ర దేశం ఉష్ణమాపకానికి కూడా ఓడ కోసం ఎదురుచూడడం ఏమిటన్నది అప్పటి పరికరాల విభాగాధిపతి ఎస్.పి. వెంకటేశ్వరన్ పట్టుదల. ఆ పట్టుదలను ఆమె చేతలలో పెట్టింది. 1953లో విభాగం పగ్గాలు ఆమె చేతికి వచ్చేసరికి ఆమె కింద పనిచేసేవారు 121 మంది, అందరూ మగవారే. దాదాపు నూరు రకాల పరికరాలకు ప్రామాణికమైన కొలతలతో పటాలు గీయించి, దేశంలోనే తయారయ్యేటట్టు చేసింది. ఒక వానపాత్ర అంచు గుండ్రంగా కాక కాస్త అండాకారంగా ఉన్నా అందులో పడిన వాన లెక్క తప్పుతుంది. ఆ అంచు ఎంత పదునుగా ఉండాలో కూడా పటంలో రాసి ఉండాలి. ఇటువంటి పనికి పతాక శీర్షికలు రావు. కాని దేశంలో ఒక చోట తీసిన కొలతను మరో చోట తీసిన కొలతతో పోల్చగలుగుతున్నామంటే అందుకు ఈ పటాలే కారణం.

1960లలో ఆమె ఓజోన్ వైపు తిరిగింది. బెలూన్‌కు కట్టి పంపితే పై పొరలలోని ఓజోన్‌ను కొలిచి రేడియో ద్వారా కబురుపెట్టే ఓజోన్‌సోండ్‌ను ఆమె బృందం ఇక్కడే తయారుచేసింది. సొంతంగా అటువంటిది చేసుకున్న దేశాలు అప్పటికి కొన్నే. అంతర్జాతీయ ఓజోన్ కమిషన్‌లో సభ్యురాలైంది. అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ కోరిక మేరకు 1963లో కేరళలోని తుంబా రాకెట్ ప్రయోగ కేంద్రం దగ్గర వాతావరణ పరిశీలనశాలను, పరికరాల గోపురాన్ని ఏర్పాటు చేయించింది. 1987లో భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ఆమెకు కె.ఆర్. రామనాథన్ పతకం ఇచ్చింది. 1994లో పక్షవాతం వచ్చి మంచాన పడి, 2001 ఆగస్టు 16న తిరువనంతపురంలో కన్నుమూసింది. పెళ్లి చేసుకోలేదు, కొండలు ఎక్కడమన్నా పిట్టలను చూడడమన్నా ఇష్టపడేది. ఆడదానిగా ఈ రంగంలో ఇబ్బందులు పడ్డావా అని అడిగినవారికి, అందులో అంత విశేషమేముందన్నట్టుగా మాట తప్పించేదట. నాకు ఆ జవాబు పూర్తిగా మింగుడుపడదు. ఆమె తట్టుకోగలిగినదాన్ని తట్టుకోలేక చదువు మానుకున్న ఆడపిల్లలను నేను నా తరగతిలోనే చూశాను.

పరిశీలకుడు ఎనిమిదిన్నరకు వాన పాత్ర చూశాడు, పొడిగా ఉంది. పుస్తకంలో సున్న రాశాడు. వాన పడని రోజు కూడా గడి ఖాళీగా వదలకూడదన్నాడు, ఖాళీ గడి అంటే ఆ రోజు ఎవరూ చూడలేదని అర్థం.

ఈ దారిన వెళ్లాలనుకునేవారు జూన్ నుంచి ఆగస్టు లోపల వెళితే గాలి తడాఖా తెలుస్తుంది. సౌర పార్కు లోపలికీ, పరిశోధన కేంద్రానికీ ముందుగా రాతపూర్వకమైన అనుమతి తప్పదు. రామగిరి కొండ మీదికి నీళ్లు మోసుకొనే ఎక్కాలి, అక్కడ అంగడి లేదు. వజ్రకరూరు చేలలోకి రైతును అడగకుండా దిగకండి, విత్తనం వేసే రోజులవి. ఇక మేము చూడవలసినది బెంగళూరులో ఒకటి మిగిలి ఉంది. డాక్టరేటు దక్కని ఆ సిద్ధాంత గ్రంథాన్ని రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయంలో బైండు చేసి ఉంచారు. దానిని తెరిచి చూడడానికి అనుమతి కోరుతూ రాయవలసిన ఉత్తరాన్ని అనంతపురం బస్టాండులోనే మా పిల్ల చేత రాయించాను. దరఖాస్తుదారు అర్హతలు అన్న చోట ఆమె "బీఎస్సీ, రెండవ సంవత్సరం" అని రాసి, సరిపోతుందా అని నా వైపు చూసింది. సరిపోకపోతే వాళ్లే చెబుతారులే, పంపించు అన్నాను.